చీనా దేశపు కోతల పున్నమ

తార్నాక చెంత ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము గలదు. అచ్చట చీనా భాషయు నేర్పుదురు. ఉస్మానియా ఆవరణమునందు విద్యార్థినులు తంగేడు, గునుగు పూలు పేర్చి బతుకమ్మ యాడుదురు. ఇంచుమించు ఆ దినములలోనే చీనా రైతులకును ఒక పండుగ వచ్చును. దానిని గూర్చి మన సభ్యులకు తెలుపగోరుచున్నాము.

అది చీనావారి యెనిమిదవ నెల పున్నమ. మన లెక్కకు తఱచుగా భాద్రపద పూర్ణిమ. వారి అధికమాసము మనదానితో కలియనప్పుడు ఒక్కొక్కయేడు ఆశ్వయుజ పూర్ణిమ యగును. 2025లో అక్టోబరు 6వ తేదీన వచ్చినది. ఉత్తర చీనాలో కొఱ్ఱయు జొన్నయు కోతకు వచ్చు కాలమది. మనము తినెడు కొఱ్ఱ తొలుత సాగైనది ఆ సీమలోనే.

ఆ రాత్రి వాకిట బల్ల వేసి, పండ్లును గుండ్రని తీపి రొట్టెలును చంద్రునికి నివేదింతురు. రొట్టెలో తామరగింజల ముద్ద పెట్టుదురు. కొందఱు ఉప్పులో ఊరవేసిన బాతుగ్రుడ్డు సొన కూడ చేర్తురు. ఒక్క రొట్టెను ఇంటిల్లిపాదికి ముక్కలుగా కోసి పంచుదురు. గుండ్రన యనగా కుటుంబమంతయు ఒకచోట కూడుట యని వారి భావము. మనకు చంద్రుడు శశాంకుడు గదా. వారికిని చంద్రునిలో కుందేలే కనబడును, కాని అది రోటిలో మందు దంచుచుండునట!

మాకు ముఖ్యముగా తోచినది వేఱొకటి. పూర్వము అచ్చటి వర్తకులు ఏటికి మూడు గడువులలో బాకీలు వసూలు చేసెడివారు: అయిదవ నెల పండుగ, ఈ పున్నమ, సంవత్సరాంతము. పంట పండినవాడు బాకీ తీర్చి రొట్టె తినెను. పండనివానికి ఆ వెన్నెల యేమి వెన్నెల! దక్షిణమున కాంటను ప్రాంతమున రొట్టెల చీట్లు కూడ నుండెడివి. నెలనెల కొంచెము సొమ్ము దుకాణమునకు కట్టినచో పండుగనాటికి రొట్టెలు చేతికి వచ్చును. ఏర్పాటు మంచిదే గాని, సొమ్మంతయు అంగడివాని చేతిలో నుండుట మాకు నచ్చలేదు.

మన బతుకమ్మ, దసరాలు వరికోతకు ముందే వచ్చును. ధాన్యము చేలోనే యుండును. బట్టలకు, సద్దులకు చేబదులు తప్పదు. ఉగాది మొదలు మహాలయ అమావాస్య వఱకు ఆఱు నెలలు, అధికమాసము వచ్చిన ఏడు. నెలకు రూ. 100 చొప్పున సంఘపు పొదుపు ఖాతాలో వేసినచో రూ. 600లును దానిపై వడ్డీయు నిలువయుండును. పంట అప్పు గడువును మాత్రము ధాన్యమమ్మిన పిమ్మటికే పెట్టించుకొనవలెను.