పరిచర్య, భత్యం, అప్పీలు: ఒక పరిశీలన

రోగికి మందు వ్రాసి ఇచ్చేది వైద్యుడు. ఆ మందును వేళకు నోట వేసేవారు, పక్క మార్చేవారు, రాత్రి నిద్ర కాచేవారు ఇంటివారే. ఈ పనిని ఉర్దూలో 'తీమార్‌దారీ' అంటారు; తెలుగులో 'పరిచర్య' అంటాము. రెండు భాషలలోను ఈ మాటలకు ఎంతో గౌరవం ఉన్నది. అయితే గౌరవం వేరు, జీవనాధారం వేరు. తల్లి పరిచర్య కొరకు ఉద్యోగం మానుకొన్న మనిషికి కూడా నెల తిరిగేసరికి బియ్యం కావాలి, ఇంటి అద్దె కట్టాలి. ఈ సత్యాన్ని చట్టరూపంలో అంగీకరించిన దేశాలలో బ్రిటన్ ఒకటి. అచ్చట ఈ భత్యం ఎట్లు పుట్టినదో, అది నిరాకరింపబడినప్పుడు పౌరుడు ఏ మార్గాన నడుస్తాడో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట రెండు మాటల భేదాన్ని గ్రహించాలి. అర్జీ అనే మాట దర్బారుల కాలం నుండి మనకు సంక్రమించినది. నాటి అర్జీదారు ప్రభువు దయను కోరేవాడు. దయ కలగకపోతే మరల అర్జీ పెట్టుకోవడం తప్ప వేరు గతి లేదు. అప్పీలు అట్టిది కాదు. అప్పీలు చేసేవాడు దయను కోరడు. "మీరు చెప్పిన కారణం చట్టానికి సరిపోతున్నదా?" అని ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నకు మొదట నిర్ణయం చేసిన అధికారి గాక మరొకరు సమాధానం చెబుతారు. అప్పీలులోని సారమంతా ఈ రెండు విషయాలలోనే ఉన్నది.

భత్యం పుట్టుక

మేరీ వెబ్‌స్టర్ అనే క్రైస్తవ మతబోధకురాలు వృద్ధులైన తల్లిదండ్రుల పరిచర్య కొరకు తన వృత్తిని వదులుకొన్నది. 1963లో ఆమె పత్రికలకు లేఖ వ్రాసి, తనవలె అవివాహితలుగా ఉండి పెద్దలను కనిపెట్టుకొని ఉన్న స్త్రీల కష్టాన్ని వెల్లడించింది. ఆ లేఖకు లభించిన స్పందన ఫలితంగా 1965లో అట్టి స్త్రీల కొరకు ఒక సంస్థ ఏర్పడినది. క్రమంగా ప్రభుత్వం కదిలింది. 1975 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం 'ఇన్వాలిడ్ కేర్ అలవెన్స్' అనే భత్యాన్ని నెలకొల్పగా, 1976లో అది అమలులోకి వచ్చింది.

అయితే ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉన్నది. భర్తతో కలిసి నివసించే స్త్రీకి ఈ భత్యం లేదు. వివాహితుడైన పురుషునికి మాత్రం ఉన్నది. వివాహిత ఎట్లాగూ ఇంటిపట్టునే ఉండవచ్చును గదా అన్నది 1974 నాటి ప్రభుత్వ శ్వేతపత్రంలోని తర్కం. ఈ తర్కం ఒక్క బ్రిటన్‌కే చెందినదని మనం అనుకోరాదు. "ఇంట్లో ఊరికే ఉన్నది గదా" అనే మాట మన లోగిళ్ళలో వినపడని రోజు ఉన్నదా?

డ్రేక్ కేసు

జాక్వెలిన్ డ్రేక్ అనే వివాహిత 1984 వరకు ఉద్యోగాలు చేస్తూ వచ్చింది. ఆ సంవత్సరం తీవ్రమైన వైకల్యంతో ఉన్న తల్లి ఆమె ఇంటికి వచ్చి చేరగా, ఆమె ఉద్యోగం మానుకొని పరిచర్యకు పూనుకొన్నది. 1985 ఫిబ్రవరిలో భత్యానికి దరఖాస్తు చేసింది. చట్టం ప్రకారం ఆమెకు భత్యం రాదు. కాని ఆమె పక్షాన మరొక ఆధారం ఉన్నది. సాంఘిక భద్రతా పథకాలలో స్త్రీ పురుష భేదం చూపరాదని ఐరోపా ఆర్థిక సమాజం 1978 డిసెంబరులో ఒక ఆదేశం వెలువరించి, దాని అమలుకు ఆరు సంవత్సరాల గడువు ఇచ్చింది. ఆ గడువు 1984 డిసెంబరుతో ముగిసినది.

1985 మార్చి 1న అప్పీళ్ళ ట్రిబ్యునల్, అనగా అన్నింటికంటె క్రింది మెట్టున ఉన్న న్యాయపీఠం, ఇది వివక్షయే అని నిర్ణయించినది. ప్రభుత్వ పక్షపు అధికారి పై మెట్టుకు అప్పీలు చేశాడు. అచ్చటి నుండి ప్రశ్న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానానికి చేరినది. భత్యం అందేది వికలాంగులకు కాక, వారికి పరిచర్య చేసేవారికి గదా. అట్టప్పుడు ఆదేశం దీనికి వర్తిస్తుందా అన్నది అచ్చటి ముఖ్య వివాదం. వర్తిస్తుందనీ, వివాహితను మినహాయించడం వివక్షయేననీ 1986 జూన్ 24న తీర్పు వెలువడినది. తీర్పు రానున్నదని తెలిసిన ప్రభుత్వం ముందురోజే వివాహితలకు కూడా భత్యం ఇస్తామని ప్రకటించినది. 1984 డిసెంబరు నుండి వర్తించేటట్లు చట్టం సవరింపబడినది. ఒక్క ఇంటి నుండి బయలుదేరిన దరఖాస్తు ఈ విధంగా వేలాది ఇళ్ళ ద్వారాలు తెరిచినది.

నేటి పద్ధతి

2003 నుండి ఈ భత్యానికి 'కేరర్స్ అలవెన్స్' అని పేరు. స్కాట్లండులో 2023 నుండి వేరొక భత్యం దీని స్థానంలోకి వచ్చినది గనుక, ఇచ్చట చెప్పేది ఇంగ్లండు, వేల్సుల విషయం. 2025-26లో ఈ భత్యం వారానికి 83.30 పౌండ్లు. వారానికి కనీసం 35 గంటలు పరిచర్య చేయాలి. పరిచర్య పొందే వ్యక్తికి నిర్దిష్టమైన వైకల్య భత్యం అందుతూ ఉండాలి. సంరక్షకుని నికర సంపాదన ఆ సంవత్సరం వారానికి 196 పౌండ్లు మించరాదు. వారానికి 21 గంటలు లేక అంతకు మించి చదివే విద్యార్థి అర్హుడు కాడన్నది మన విద్యార్థులు గమనింపదగిన విషయం.

నిరాకరణ లేఖ అందినప్పుడు మొదటి మెట్టు, ఒక నెలలోగా ఆ శాఖనే పునఃపరిశీలన కోరడం. తగిన కారణం చూపితే గడువు మించిన కోరికను కూడా స్వీకరించవచ్చు. ఆ ఫలితం కూడా ప్రతికూలమైతే, మరల ఒక నెలలోగా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయాలి. దీనికి రుసుము లేదు. న్యాయవాది ఉండి తీరాలనే నియమం లేదు. అప్పటికీ తీర్పులో చట్టసంబంధమైన దోషం ఉంటే, అనుమతి పొంది ఎగువ ట్రిబ్యునల్‌కు పోవచ్చును.

కారణమే కీలకం

"మాకు చాలా కష్టంగా ఉన్నది" అనే వాక్యం నిజమే కావచ్చును. కాని దానితో అప్పీలు గెలవదు. లేఖలో చూపిన కారణం ఏదో చూచి, దానికే జవాబు వ్రాయాలి.

35 గంటలు నిండలేదన్నది కారణమైతే, ఒక వారపు దినచర్యను గంటల వారీగా వ్రాసి జతపరచాలి. స్నానం చేయించడమే కాదు. వంట, బజారు పని, బిల్లులు కట్టడం, వైద్యుని వద్దకు తీసుకొనిపోవడం కూడా పరిచర్యలోనికే వస్తాయి. సంపాదన మించినదన్నది కారణమైతే, లెక్కను సరిచూడాలి. పన్ను, పింఛనుకు కట్టే సొమ్ములో సగం మొదలైనవి తీసివేసిన తరువాత మిగిలినదే లెక్కకు వస్తుంది. రోగికి అర్హమైన వైకల్య భత్యం లేదన్నది కారణమైతే, నిజమైన వివాదం మరొకచోట ఉన్నది. ముందుగా రోగి పేరిట ఆ భత్యం సాధించి, ఆ నిర్ణయం వచ్చిన మూడు నెలలలోగా సంరక్షకుడు దరఖాస్తు చేయాలి. కారణం మారితే ఆయుధం మారాలి.

అప్పీలుకు పరిమితి కూడా ఉన్నది. సంపాదన హద్దు ఒక్క పౌండు దాటినా ఆ వారపు భత్యమంతా పోతుంది. ఈ నియమం కఠినమని ట్రిబ్యునల్ భావించినా దానిని మార్చజాలదు. అధికారి పొరపాటును అప్పీలు దిద్దుతుంది. చట్టమే లోపభూయిష్టమైతే దాని పైన మరొక ఉన్నత శాసనం ఉండాలి. డ్రేక్‌కు అట్టిది లభించినది. 2020లో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుండి వైదొలగిన తరువాత ఆ దారి నేటి దరఖాస్తుదారులకు లేదు.

మన దేశంలో

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షక భత్యాన్ని ప్రభుత్వాలు రూపొందించవలసిన పథకాలలో ఒకటిగా పేర్కొన్నది. అయితే అది ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి ఉన్నది. కేరళలోని 'ఆశ్వాసకిరణం' పథకం మంచం పట్టినవారి సంరక్షకులకు నెలకు 600 రూపాయలు నిర్ణయించినది. మొత్తం స్వల్పమే, కాని పరిచర్య కూడా పనియే అన్న అంగీకారం అందులో ఉన్నది. ఏ పథకం క్రింద దరఖాస్తు పెట్టినా, "మీకు రాదు" అని నోటిమాటతో పంపివేసినప్పుడు కారణం అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. 30 రోజులలో సమాధానం రావాలి; రాకున్నా, తృప్తికరంగా లేకున్నా, మరి 30 రోజులలోగా మొదటి అప్పీలు చేయవచ్చును.

విద్యార్థులారా! మన కుటుంబాలలో అనేకమందికి ప్రభుత్వపు కాగితాన్ని చదివి చెప్పగలవారు మీరే. నిరాకరణ లేఖ వచ్చిన ఇంట దానిని మడిచి దూలంలో దోపివేయడం ఆచారంగా మారినది. దానిని విప్పి చదవండి. వచ్చిన తేదీని, చూపిన కారణాన్ని, మిగిలిన గడువును వేరొక కాగితంపై వ్రాసుకోండి. పగలంతా రోగి మంచం ప్రక్కన గడిపే తల్లికో, అక్కకో కార్యాలయాల చుట్టూ తిరిగే తీరిక ఉండదు. ఆ నాలుగు వాక్యాలు ఆమె పక్షాన వ్రాసి పెట్టడం చదువుకొన్నవారు చేయవలసిన పరిచర్య.