సబ్బు మీది 'నేచురల్' వేరు, మన పొలంలోది వేరు

కలబంద ఆకు, నిమ్మగడ్డి నూనె, గోరింటాకు కొంటామంటూ సబ్బులు, షాంపూలు, క్రీములు తయారుచేసే కంపెనీల తరఫు మనుషులు గ్రామాలకు వస్తుంటారు. "మీది ప్రకృతి వ్యవసాయమే కదా, మా సరుకూ నేచురలే, మంచి రేటు ఇస్తాం" అంటారు. జీవామృతం కలిపి, కషాయాలు కాచి కష్టపడే రైతుకు ఈ మాట ఇంపుగానే ఉంటుంది. కానీ సౌందర్య సాధనాల వ్యాపారంలో నేచురల్ అనే మాటకూ మన సాగు పద్ధతికీ సంబంధం లేదు. ఈ తేడా తెలియకుండా ఎకరం నేల వాటికి ఒప్పజెబితే మునిగేది రైతే.

నేచురల్ అన్నప్పుడు వాళ్లు చూసేది పదార్థం పుట్టుక. మొక్క నుంచి వచ్చిందా, ఖనిజమా, పెట్రోలియం నుంచి తీసిందా అని చూస్తారు. ఆ మొక్కకు యూరియా వేశారా, గడ్డిమందు కొట్టారా అని అడగరు. యూరియా వేసిన నిమ్మగడ్డి నూనె కూడా నేచురలే. ఇక మీకు రెండు రూపాయలు ఎక్కువ ఎందుకిస్తారు? ఆర్గానిక్, అంటే సేంద్రియం అని డబ్బా మీద రాయాలనుకున్న కంపెనీకే మీ పొలం కాగితంతో పని.

ఆ కంపెనీలు ఎక్కువగా చెప్పే పేరు కాస్మాస్. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, బ్రిటన్ దేశాల సంస్థలు కలిసి రాసుకున్న ప్రమాణమిది. 2017 జనవరి నుంచి ఆ సంస్థలు కొత్త సరుకులకు దీని ప్రకారమే సర్టిఫికెట్ ఇస్తున్నాయి. ఇందులో నీళ్లు, ఉప్పు, మట్టి లాంటివి సేంద్రియం కింద లెక్కకు రావు. మొత్తం సరుకులో నూటికి 20 పాళ్లు సేంద్రియ పదార్థం ఉండాలి. షాంపూలా కడిగేసుకునే వాటికి 10 పాళ్లు చాలు. ఆవిరితో తీసిన నూనె, గానుగ నూనె, ఆకు రసం లాంటి వ్యవసాయ పదార్థాల్లో మాత్రం 95 పాళ్లు సేంద్రియమై తీరాలి. హెక్సేన్ లాంటి పెట్రోలియం ద్రావణితో తీసిన నూనె దీనికి పనికిరాదు.

ఉదాహరణకు 100 గ్రాముల క్రీములో 65 గ్రాములు నీళ్లే అనుకోండి. మిగిలిన 35 గ్రాముల్లో 20 గ్రాములు సేంద్రియం కావాలి. పచ్చి కలబంద రసంలో నూటికి 98 పాళ్లకు పైగా నీరే అయినా, అది ఆకులోని నీరు కాబట్టి లెక్కకు వస్తుంది. పొడి చేసి మళ్లీ నీళ్లు కలిపితే ఆ నీళ్లు రావు.

'99 శాతం నేచురల్' అని కొన్ని డబ్బాల మీద చూస్తుంటాం. ఐఎస్ఓ 16128 అనే మరో పద్ధతి 2016, 2017 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వచ్చింది. ఇది లెక్క కట్టే పద్ధతే తప్ప సర్టిఫికెట్ కాదు. ఇందులో కుళాయి నీళ్లను కూడా నేచురల్ కింద కలుపుకోవచ్చు! అలాంటి డబ్బా చూసి పంట వేయకండి.

షాంపూలో పడే నిమ్మగడ్డి నూనె కొద్ది చుక్కలే. కాబట్టి కొనేవాణ్ణి రేటు కన్నా ముందు ఏటా ఎన్ని కిలోలు కావాలో అడగాలి. టన్ను పచ్చిగడ్డికి నూనె సుమారు 5 కిలోలే దిగుతుంది. కోసిన కలబంద ఆకు ఎక్కువసేపు ఆగదు. ఫ్యాక్టరీ దూరంగా ఉంటే ఆ పంట జోలికి పోకపోవడమే మేలు.

ఇక కాగితం సంగతి. ఎగుమతి సరుకుకు ఎన్‌పీఓపీ సర్టిఫికెట్ కావాలి. దీన్ని అపెడా చూస్తుంది. రైతులు ఒకరికొకరు సాక్షిగా ఉండే పీజీఎస్ ఖర్చు తక్కువే కానీ దేశంలో అమ్మకానికే పనికొస్తుంది. ఎన్‌పీఓపీ కింద ఏడాది పైర్లకు 2 ఏళ్లు, ఏళ్ల తరబడి ఉండే పైర్లకు 3 ఏళ్లు మార్పు కాలం. నిమ్మగడ్డి ఒకసారి నాటితే నాలుగైదేళ్లు ఉంటుంది. అందులో మొదటి మూడేళ్ల నూనె మామూలు రేటుకే పోతుందని ముందే లెక్క వేసుకోవాలి. 2025లో వచ్చిన 8వ కూర్పులో, షరతులకు లోబడి ఈ కాలాన్ని తగ్గించే వీలు కల్పించారు. కాబట్టి పొలంలో ఏం వేశారో, ఏం చల్లారో తేదీలతో ఇప్పటినుంచే ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

సర్టిఫికెట్ ఎవరి పేర ఉందన్నది మరీ ముఖ్యం. ఖర్చంతా తామే పెడతామని చెప్పి కంపెనీలు తమ పేరే రాయించుకోవడం ఉంది. అప్పుడు రేటు తగ్గించినా రైతు అదే సరుకును సేంద్రియమని మరొకరికి అమ్ముకోలేడు. కొత్త కూర్పు రైతు సంఘాలకే చట్టబద్ధ హోదా ఇచ్చింది. సంఘం పేర తీసుకోవడమే క్షేమం. పొలం, పంట వివరాలుండే స్కోప్ సర్టిఫికెట్ నకలు దగ్గర ఉంచుకోవాలి. అమ్మిన ప్రతి లాటుకూ వేరే ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ ఉంటుంది.

చిన్న పొరపాట్లతో లాటు మొత్తం పోతుంది. పక్క పొలంలో మందు కొట్టిన స్ప్రేయరు అరువు తేవద్దు. గోరింటాకును యూరియా సంచుల్లో నింపవద్దు. పక్కవాళ్ల మందు గాలికి పడకుండా గట్టు వెంట కొంత జాగా వదలాలి. నూనె తీసే యూనిట్ నలుగురిదీ అయితే ముందు బాగా కడిగి, సేంద్రియ గడ్డిని విడిగా వేసి, నూనెను వేరే డబ్బాలో పట్టాలి. ఆ యూనిట్ కూడా తనిఖీ కిందకు వస్తుంది.

కుంకుడు, ఉసిరి అడవిలో ఏరుకొచ్చేవారికీ ఎన్‌పీఓపీలో విడిగా నిబంధనలున్నాయి. ఏ ప్రాంతంలో ఏరుతున్నారో పటం గీసి చూపాలి. చెట్టు మళ్లీ కోలుకునేంత మేరకే కాయ తేవాలి. అటవీ శాఖ అనుమతి కాగితం కూడా తనిఖీ నాటికి చేతిలో ఉండాలి.