సగటు లెక్కయు, నూతి మట్టమును

ఒక ప్రాంతము వృద్ధి నొందినదని చెప్పుట సులభము. కొలిచి చూపుట కష్టము. ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యములను నిర్ణయించి, 2030 సంవత్సరమును గడువుగా నేర్పఱచినది. మన దేశమున నీతి ఆయోగు 2018లో మొదటిసారి రాష్ట్రముల ప్రగతిని నూటికిన్ని మార్కులని లెక్కగట్టి ప్రకటించెను. ఇట్టి లెక్కలను చదువువారు రెండు సంగతులను మఱవరాదని మా మనవి.

మొదటిది: సగటు మోసగించును. పది యిండ్లలో నొక్క యింటి రాబడి 1,000 రూపాయలు పెరిగి, తక్కిన తొమ్మిదింటిది యథాతథముగ నున్నను, సగటున నింటికి 100 రూపాయలు పెరిగినట్లే కనబడును. కావున కౌలుదారునకును, కూలివానికిని, స్త్రీలకును జేరినదెంతయో వేఱువేఱుగ వ్రాయవలెను.

రెండవది: మూలధనము తఱిగినచో రాబడి నిలువదు. వాన యింకినదానికంటె నెక్కువ నీరు తోడి పండించిన పంట ఆ యేటి లెక్కలో లాభమే. బోరుబావి మట్టము దిగిన నష్టము అందు గానరాదు.

దీనికి రైతులే మార్గము చూపియున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003లో ప్రారంభమైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకమున, అనంతపురము, నల్లగొండ మున్నగు 7 కఱవు జిల్లాలవారు వానను, బావుల మట్టమును దామే కొలిచి వ్రాసికొనిరి. రబీకి ముందు గూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు వలసినదెంత యని లెక్కించిరి. నిర్బంధ మెవరికిని లేదు. లెక్క చూచి పలువురు వరి తగ్గించి ఆరుతడి పైరులు వేసిరి.

సంఘసభ్యులారా! మన వార్షిక నివేదికలో నిచ్చిన అప్పుల మొత్తముతో నాగక, చిన్న కమతములవారికి అందినదెంత, వేసవిలో బావుల మట్టమెంత యను రెండు వరుసలను జేర్చుదము. నాలుగేండ్లు విడువక వ్రాసినచో, మనము ముందునకు బోవుచున్నామో, ఉన్నదానిని దిని కూర్చున్నామో తేటపడును.