హోంవర్క్: అమ్మానాన్నల బీపీ ఎంత?



గత నెల పదో తరగతిలో రక్త ప్రసరణ పాఠం చెబుతూ పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేయించాను. చొక్కా గుండీ రంధ్రంలో అగ్గిపుల్ల గుచ్చి మణికట్టు మీద నాడి దొరికే చోట పెడితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల సన్నగా కదులుతుంది. క్లాసు మొత్తం ఒక నిమిషం కదలకుండా కూర్చుంది (మా క్లాసులో ఇది చిన్న విషయం కాదు). తర్వాత 78, 84, 80 అంటూ ఎవరి లెక్క వాళ్లు బోర్డు మీద రాశారు. ఆ ఉత్సాహం చూసి హోంవర్క్ ఇచ్చాను: ఇంటికెళ్లి అమ్మ బీపీ, నాన్న బీపీ ఎంతో అడిగి రాసుకు రండి.

మర్నాడు నోట్‌బుక్కులు తిరగేస్తే అంకె రాసినవాళ్లు పట్టుమని పది మంది లేరు. "నార్మలే అన్నారు మేడమ్." "అమ్మ ఎప్పుడూ చూపించుకోలేదంట." "నాన్నకి టైమ్ లేదు." ఒకబ్బాయి మాత్రం ఇలా రాశాడు: "మా నాన్నకు బీపీ ఉండేది. తగ్గిపోయింది. మాత్రలు మానేశారు." ఆ వాక్యం కింద సంతకం పెట్టలేకపోయాను. ఈ వ్యాసం అందుకే.

యూనిట్ టెస్టులో రెండు మార్కులు తగ్గితే సాయంత్రానికల్లా మీ ఫోన్ వస్తుంది. అడగాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ పిల్లల మార్కులు దశాంశాలతో సహా గుర్తుండే ఇంట్లో పెద్దవాళ్ల బీపీ, షుగర్ అంకెలు ఎవరికీ తెలియకపోవడం నాకు వింతగా అనిపించింది.

ముందు పాఠంలోని సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మన గుండె పిడికిలంత ఉంటుంది. నిమిషానికి 70 నుంచి 72 సార్లు, అంటే రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడే నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఒళ్లంతటికీ రక్తం పంపే ఈ కండరానికీ రక్తం కావాలి. అది దానికి అందేది గుండె పైభాగాన అల్లుకున్న కరొనరీ ధమనుల ద్వారానే. వీటి లోపలి గోడ నున్నగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఏళ్ల తరబడి ఎక్కువ బీపీ ఆ గోడను ఒత్తుతుంటే, రక్తంలో చక్కెర, పొగాకు పొగ దాన్ని గరుకు చేస్తుంటే, ఆ గాయాల్లో కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లి, దానిమీద రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. దాన్నే మనం గుండెపోటు అంటున్నాం. పోటు ఒక్కరోజులో వస్తుంది కానీ దాని వెనక పని పదేళ్లు, ఇరవై ఏళ్లు జరుగుతుంది. ఆ ఇరవై ఏళ్లూ చాలామందికి నొప్పి ఉండదు, నీరసం ఉండదు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్న బస్సు డ్రైవర్. నలభై ఏడో ఏట బీపీ ఉందన్నారు. మాత్ర రాశారు. తలనొప్పి వచ్చిన రోజు వేసుకునేవారు, రాని రోజు మానేసేవారు. యాభై ఒకటో ఏట, ఒక రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఛాతీ మీద బరువు పెట్టినట్టుందన్నారు. చెమటలు పట్టాయి. "గ్యాస్ అమ్మా, మధ్యాహ్నం బజ్జీలు తిన్నాను" అన్నారు. సోడా తాగించాం. అప్పటికి నేను బయాలజీ డిగ్రీ పూర్తిచేసి బీఈడీ చదువుతున్నాను. జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది నేనే. తెల్లవారాక మా వీధి చివర డాక్టరు గ్యాస్‌కే ఇంజెక్షన్ చేశారు. ఈసీజీ తీసేసరికి మధ్యాహ్నం దాటింది. స్టెంట్ వేశారు, నాన్న బతికారు. కానీ రక్తం అందక గుండె కండరంలో కొంత భాగం అప్పటికే చచ్చిపోయింది. ఇప్పుడు మా రెండో అంతస్తు ఇంటికి ఎక్కాలంటే మధ్యలో ఒకసారి కూర్చుంటారు.

కాబట్టి ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఛాతీ మధ్యలో బరువు, బిగుతు, మంట, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, ఊపిరాడకపోవడం. ఇవి వస్తే గ్యాసా కాదా అని ఇంట్లో తేల్చడానికి కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లండి. బండి మీరే నడుపుకుంటూ వెళ్లకండి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పే తెలియకపోవచ్చు. ఆడవాళ్లలో కొన్నిసార్లు ఆయాసం, వికారం, చెప్పలేని అలసట మాత్రమే కనబడతాయి. వంటింట్లో పని ఎక్కువై అలా ఉందిలే అని అమ్మలు సరిపెట్టుకునేది సరిగ్గా వీటినే.

నాన్న ఉద్యోగం వల్లేమో, నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటుంది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. అవే బస్సులు, అవే రోడ్లు. కానీ రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కన్నా, టికెట్ల కోసం మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. తర్వాత అదే బృందం యూనిఫాం కొలతలు తీసి చూస్తే డ్రైవర్ల ప్యాంట్ల నడుము సైజు పెద్దదని తేలింది. అంటే కూర్చోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, పొట్ట పాత్ర కూడా ఉంది. మనలో చాలామంది ఉద్యోగాలిప్పుడు డ్రైవర్ సీటు లాంటివే. కంప్యూటర్ ముందు కూర్చున్నా, షాపు కౌంటర్ దగ్గర కూర్చున్నా అంతే. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంట్లో టైలర్ టేపు ఉంటే నడుము కూడా కొలుచుకోండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు రావడం మనవాళ్లలో ఎక్కువ. అద్దంలో చూసి "నేను లావు లేను కదా" అనుకునేది వాళ్లే.

52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తొలి గుండెపోట్లలో అత్యధిక భాగం తొమ్మిది విషయాలతోనే ముడిపడి ఉందని తేల్చింది. పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు. మన దక్షిణాసియా వాళ్లకు తొలి పోటు సగటున 53 ఏళ్లకు వస్తే, మిగతావాళ్లకు 59కి వస్తోందని అందులోనే బయటపడింది. ఆరేళ్ల తేడా. మీ పిల్లలు ఇప్పుడు ఏ క్లాసులో ఉన్నారో, మీ యాభై మూడో ఏటికి ఎక్కడుంటారో ఒకసారి లెక్క వేసుకోండి.

తిండి గురించి మీకు తెలియనిది చెప్పలేను, ఒక్క ఉప్పు తప్ప. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే చాలు. అంటే ఒక చిన్న చెంచా, అన్ని కూరలూ పచ్చళ్లూ కలిపి. ఆవకాయ ముద్ద, పక్కన అప్పడం, చివర్లో పెరుగన్నంలో ఊరమిరపకాయ, సాయంత్రం బేకరీ పఫ్. కూరలో ఉప్పు తగ్గించామని చెప్పేవాళ్లు వీటిని లెక్కలోకి తీసుకోరు. ఆవకాయ మానేయమంటే మా ఇంట్లోనే ఎవరూ వినరు. రోజూ రెండు పూటలా కాకుండా ఆదివారానికి పరిమితం చేయగలిగాం, అంతే. సిగరెట్ విషయంలో మాత్రం తగ్గించడం చాలదు, మానాలి. మానిన ఏడాదికి గుండె జబ్బు ముప్పు, ఇంకా కాల్చేవాళ్లతో పోలిస్తే సుమారు సగానికి వస్తుంది. బాల్కనీలో కాల్చినా పొగ పిల్లల గదిలోకి వస్తుంది.

మళ్లీ ఆ అబ్బాయి వాక్యం దగ్గరికి వస్తాను. మాత్ర వేసుకుంటున్నప్పుడు బీపీ 124/80 వచ్చిందంటే మాత్ర పని చేస్తోందని అర్థం. జబ్బు పోయిందని కాదు. అది మానాలా, తగ్గించాలా అన్నది డాక్టరే చెప్పాలి. కొలిపించుకునేటప్పుడు కూడా, మెట్లెక్కి వచ్చి వెంటనే చేయి చాచొద్దు. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉంచండి. కొలుస్తుండగా మాట్లాడకండి. వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకు మించి వస్తుంటే డాక్టరును కలవండి. పరగడుపున షుగర్ 126కి చేరినా అంతే.

అంతగా ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయిన అమ్మలకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు ఎక్కువ. ఆ మాట ఇప్పటి డాక్టరుకు చెప్పండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. పెద్దగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు బీపీ ఒక పట్టాన అదుపులోకి రాదు. మీ నాన్నగారికో అన్నయ్యకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు గుండె జబ్బు వచ్చి ఉంటే మీరు ముందుగానే పరీక్షలు మొదలుపెట్టాలి. ఆ లెక్కన నేను మొన్న జూన్‌లో మొదలుపెట్టాను.

పిల్లల గుండెకు నేరుగా సంబంధించినది గొంతునొప్పి. స్ట్రెప్టోకోకస్ బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పిని సరిగా తగ్గించకపోతే, రెండు మూడు వారాల తర్వాత కొందరిలో జ్వరం, మోకాళ్లు, మడమల కీళ్లు వాచి నొప్పి మొదలై, గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. 5 నుంచి 15 ఏళ్ల మధ్య ఇది ఎక్కువ. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే మూడో రోజుకు జ్వరం తగ్గిందని ఆపేయకండి. చెప్పినన్ని రోజులూ వేయండి.

పిల్లలకు రోజుకు 60 నిమిషాల ఆట కావాలని కూడా ఉంది. ఇది రాస్తూ మొహమాటంగానే ఒప్పుకుంటున్నాను, సిలబస్ పూర్తికాలేదని పీఈటీ సార్‌ను బతిమాలి గేమ్స్ పీరియడ్ తీసుకున్న టీచర్లలో నేనూ ఉన్నాను. ఈ టర్మ్ తీసుకోను. మీరు కూడా ఆదివారం స్టడీ అవర్‌ను ఒక గంట తగ్గించి చూడండి.

హోంవర్క్ మళ్లీ ఇస్తున్నాను, ఈసారి అన్ని హైస్కూల్ సెక్షన్లకూ. డైరీ చివరి పేజీలో రెండు గడులు ఉంటాయి: అమ్మ, నాన్న. ఇంట్లో తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ ఉంటే వాళ్లకూ గడి గీసుకోవచ్చు. అంకెలు మాకు వద్దు, అవి మీ దగ్గరే ఉంచుకోండి. బీపీ, షుగర్ చూపించుకున్నారంటే ఆ గడిలో టిక్ పెట్టి పంపండి. 25వ తేదీ లోపు.