పడుకుంటే గిర్రున తిరిగే తల: ఇంట్లో చేయదగిన వ్యాయామం

"పక్కకు ఒరిగితే చాలు, ఇల్లంతా గిర్రున తిరుగుతుంది హకీం సాబ్! ఇది పైత్యమేనా?" అని హోసూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ అడిగింది. నేనూ పైత్యమే అనుకున్నాను. కడుపులోని ఆవిర్లు తలకెక్కాయని నెల రోజులు ఇత్రీఫల్ కిష్నీజీ ఇచ్చాను. గుణం కనబడలేదు. ఒక తెల్లవారుజామున మంచం దిగబోయి, తల తిరిగి పడి, ఆమె మణికట్టు విరిగింది. తప్పు నాదే. 'పక్కకు ఒరిగితే' అన్న మాటలోనే జబ్బు గుర్తు ఉంది. నేను సరిగా వినలేదు. మీ ఇంట్లో ఇలా జరగకూడదని ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

జబ్బు ఏమిటి?

తల తిరుగుడును యునానీలో 'దవార్' అంటాము. దవార్ లన్నీ ఒకటి కావు. లోపలి చెవిలో మన నిలకడను చూసే భాగంలో కంటికి కనబడని సున్నపు రేణువులు ఉంటాయి. వయసు మీదపడినా, తలకు దెబ్బ తగిలినా అవి ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకారపు గొట్టంలోకి జారవచ్చు. అప్పుడు తల కదిలినప్పుడల్లా గొట్టంలోని ద్రవం కదిలి, మెదడుకు తప్పుడు కబురు పోతుంది. డాక్టర్లు దీనిని 'బి.పి.పి.వి.' అంటారు.

గుర్తులు: పడుకున్నప్పుడు, లేచినప్పుడు, పక్కకు దొర్లినప్పుడు, అటక మీది డబ్బా కోసం తల ఎత్తినప్పుడు తిరుగుతుంది. సాధారణంగా నిమిషం లోపే తగ్గుతుంది. వాంతి వచ్చినట్లుంటుంది.

మందు ఎందుకు చాలదు?

మాత్రలు వికారాన్ని తగ్గిస్తాయి గాని రేణువును కదల్చలేవు. నా ఇత్రీఫల్ కూడా అంతే. నెలల తరబడి మాత్రలు మింగితే మత్తు, తూలుడు పెరగవచ్చు. ఇక్కడ పనికొచ్చేది యునానీలో 'రియాజత్' అనే వ్యాయామమే.

ముందుగా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి, ఇదే జబ్బని తేల్చుకోండి. 1992లో అమెరికా డాక్టరు జాన్ ఎప్లీ ప్రచురించిన పద్ధతిలో తలను వరుసగా తిప్పి రేణువును వెనక్కి పంపుతారు. కొద్ది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండు సార్లతోనే తగ్గుతుంది. ఆ అవకాశం లేనివారు, మళ్ళీ తిరగబెట్టినవారు ఇంట్లో చేయదగినది 1980లో బ్రాంట్, డారాఫ్ అనే వైద్యులు చెప్పిన వ్యాయామం. ఏ చెవిలో లోపమో తెలియకపోయినా చేయవచ్చు.

చేసే విధానం

1. మంచం అంచున మధ్యలో, కాళ్ళు కిందికి వేసి కూర్చోండి.
2. తలను ఎడమకు సగం తిప్పి, కుడి పక్కకు వేగంగా ఒరగండి. చూపు ఏటవాలుగా పైకప్పు వైపు ఉండాలి. తిరుగుడు ఆగేదాకా, కనీసం 30 సెకన్లు అలాగే ఉండండి.
3. లేచి కూర్చుని, ఎదురుగా చూస్తూ 30 సెకన్లు ఆగండి.
4. తలను కుడికి సగం తిప్పి, ఎడమ పక్కకు ఒరిగి అలాగే చేయండి. మళ్ళీ లేచి 30 సెకన్లు కూర్చోండి.

ఇది ఒక చుట్టు. పూటకు 5 చుట్లు, రోజుకు 3 పూటలు, రెండు వారాలు చేయాలి. చేసేటప్పుడు తల తిరగడం సహజం. బెదిరి మానుకోవద్దు. భోజనం చేసిన వెంటనే చేయవద్దు. మొదటి రోజుల్లో పక్కన ఒకరు ఉండాలి.

ఎవరు చేయకూడదు?

మెడ ఎముకల జబ్బు, నడుము జబ్బు, కంటి తెర ఊడిన బాధ, ఇటీవల పక్షవాతం వచ్చినవారు డాక్టరును అడగకుండా చేయవద్దు. తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలు చేయి పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనబడినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, ఉన్నట్టుండి వినికిడి పోయినా వ్యాయామం మాట మరచి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఆ పెద్దమ్మకు చేతికి కట్టు ఉండగానే డాక్టరు ఎప్లీ పద్ధతి చేశారు. రెండో విడతకు తిరుగుడు పోయింది. ఏడాదికి మళ్ళీ వచ్చినప్పుడు ఇంట్లోనే వ్యాయామం చేసుకుంది. ఇప్పుడు తెల్లవారి లేచేటప్పుడు ముందు మంచం మీద నిమిషం కూర్చుని, ఆ తర్వాతే కాలు నేల మీద పెడుతుంది. మీరూ అలాగే చేయండి.