ఫ్లష్ నొక్కిన తర్వాత: సెప్టిక్ ట్యాంకు గురించి ఒక పాఠం

హాస్టల్లో మనం ఫ్లష్ నొక్కుతాం, నీళ్ళు పోతాయి, అంతే. ఆ తర్వాతి సంగతి మన సిలబస్‌లో లేదు. ఊళ్ళో ఇల్లు కట్టేవాళ్ళకి మాత్రం అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఊరికి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉండదు కాబట్టి ఇంటి మురుగు ఇంటి స్థలంలోనే ఉండిపోతుంది. తాగే నీళ్ళ బోరు కూడా ఆ స్థలంలోనే ఉంటుంది. ఈ రెండూ కలవకుండా చూడటం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఉదాహరణకి పల్నాడులో మా పెద్దమ్మ వాళ్ళు కట్టుకుంటున్న ఇంటినే తీసుకుందాం. మనుషులు ఐదుగురు, నల్లరేగడి నేల. సలహాలు మాత్రం మూడు వచ్చాయి. మేస్త్రీ గారు, "రింగులు దించేద్దామమ్మా, అడుగున సిమెంటు వెయ్యొద్దు, ఇరవై ఏళ్ళైనా నిండదు" అన్నారు. పెదనాన్న మామూలు సెప్టిక్ ట్యాంకు చాలన్నారు. డాలస్‌లో ఉండే అన్నయ్య ఫోన్ చేసి, "మా ఇంటికి ఏరోబిక్ సిస్టమ్ ఉందిరా, అదే పెట్టించండి" అన్నాడు. ముగ్గురి మాటలూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మామూలు ట్యాంకు ఏం చేస్తుంది?

సెప్టిక్ ట్యాంకు అంటే నీళ్ళు కారని ఒక పెట్టె. మురుగు అందులో ఒకటి రెండు రోజులు నిలకడగా ఉంటుంది. బరువైనది అడుక్కి దిగి బురదవుతుంది. నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి. మధ్యలో ఉన్న నీళ్ళు గొట్టంలోంచి బయటికి పోతాయి. అడుగున ఉన్న బురదని గాలి అక్కర్లేని బాక్టీరియా మెల్లగా కుళ్ళబెడుతుంది. కరెంటు వద్దు, మోటారు వద్దు.

మన దేశంలో దీనికి ఐఎస్ 2470 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెడల్పు కనీసం 75 సెంటీమీటర్లు, నీటి లోతు కనీసం 1 మీటరు, నీళ్ళు పట్టే సామర్థ్యం కనీసం 1000 లీటర్లు ఉండాలి. పొడవు వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు ఉండాలి. ఐదుగురికి 1.5 మీటర్ల పొడవు సరిపోతుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్ళు శుభ్రమైనవి కావు. విరేచనాలు, కామెర్లు తెచ్చే క్రిములు అందులో ఇంకా బతికే ఉంటాయి. మిగతా సగం శుద్ధి చేసేది నేల. నీళ్ళు మట్టిలో మెల్లగా ఇంకుతున్నప్పుడు మట్టి వాటిని వడకడుతుంది. అంటే మనం కొంటున్నది సగం సిస్టమే, మిగతా సగం మన స్థలంలో ముందే ఉంది. అది పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు మేస్త్రీ గారి మాట చూద్దాం. అడుగు లేని గుంట నిండకపోవడానికి కారణం ఒక్కటే, మురుగంతా కింద నుంచి భూమిలోకి కారిపోతోంది. లోతుగా రింగులు దించితే అది భూగర్భ జలానికి ఇంకా దగ్గరవుతుంది. నిండకపోవడం అక్కడ గొప్ప కాదు, బోరుకి ప్రమాదం.

ఏరోబిక్ అంటే?

ఇందులో చిన్న బ్లోయర్ రాత్రింబవళ్ళు మురుగులోకి గాలి కొడుతూ ఉంటుంది. గాలి పీల్చే బాక్టీరియా చాలా వేగంగా పనిచేస్తుంది. తర్వాత నీళ్ళు తేరుకోవడానికి ఒక గది, చివర క్లోరిన్. బయటికొచ్చే నీళ్ళు మామూలు ట్యాంకు నీళ్ళ కంటే ఎంతో నయం. టెక్సాస్‌లో వీటిని స్ప్రింక్లర్లతో గడ్డి మీద చల్లుతారు.

అక్కడ ఇదెందుకు పెడతారో తెలుసుకుంటే నాకు ఆశ్చర్యమేసింది. డబ్బున్న దేశం కాబట్టి అనుకుంటాం. ప్రధాన కారణం నేల. డాలస్ చుట్టుపక్కల ఉన్నది కూడా మన నల్లరేగడి లాంటి మట్టే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది, నీళ్ళని మాత్రం త్వరగా ఇంకించుకోదు. నేల చెయ్యాల్సిన సగం పని నేల చెయ్యలేనంటోంది కాబట్టి ఆ పని మెషీన్‌తో చేయిస్తున్నారు. కాబట్టి అన్నయ్య సలహా గొప్పలకి చెప్పింది కాదు.

మరి ఖర్చు? 80 వాట్ల బ్లోయర్ అనుకుందాం. 24 గంటలకి 1.92 యూనిట్లు, నెలకి దాదాపు 58 యూనిట్లు. ఇది భరించొచ్చు. కష్టం వేరే చోట ఉంది. కరెంటు గంటో రెండు గంటలో పోతే ఫర్వాలేదు, రోజుల తరబడి పోతే గాలి పీల్చే బాక్టీరియా చచ్చిపోతుంది, వాసన మొదలవుతుంది. క్లోరిన్ అయిపోతే ఎవరో ఒకరు వెయ్యాలి. బ్లోయర్ చెడిపోతే బాగుచేసే మనిషి దగ్గర్లో ఉండాలి. చూసుకునేవాళ్ళు లేని ఏరోబిక్ యూనిట్ కొన్నాళ్ళకి ఖరీదైన మామూలు ట్యాంకే.

నేలని అడగండి

అందుకే "ఏది మంచిది" అనేది రెండో ప్రశ్న. "మన నేల నీళ్ళని ఇంకించుకుంటుందా" అనేది మొదటిది. దీనికి పరీక్ష చాలా తేలిక. నీళ్ళు ఇంకించాలనుకున్న లోతు దాకా చిన్న గుంట తవ్వాలి. అడుగున కాస్త గులకరాయి వేసి, నీళ్ళు పోసి, రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు మళ్ళీ నీళ్ళు పోసి మట్టం ఎంత వేగంగా దిగుతుందో స్కేలుతో కొలవాలి. 25 మిల్లీమీటర్లు దిగడానికి 30 నిమిషాల లోపు పడితే ఇంకుడు గుంట చాలు. 30 నుంచి 60 మధ్య అయితే గులకరాయి నింపిన తక్కువ లోతు కందకం కావాలి. 60 దాటితే ఆ నేలని నమ్ముకోకూడదు, ఏరోబిక్ గురించి ఆలోచించాల్సింది అప్పుడే.

నల్లరేగడిలో రాత్రంతా నానబెట్టడం మానకూడదు. వేసవిలో పగుళ్ళలోంచి నీళ్ళు చకచకా దిగిపోతాయి, నేల భలే ఉందనిపిస్తుంది. మట్టి ఉబ్బి పగుళ్ళు మూసుకున్నాక వచ్చేదే అసలు లెక్క.

పెద్దమ్మ వాళ్ళ స్థలంలో మీటరు దిగేసరికి మొరం కలిసిన మట్టి వచ్చింది. 25 మిల్లీమీటర్లకి 40 నిమిషాలు పట్టింది. అంటే కందకంతో మామూలు ట్యాంకు నడుస్తుంది.

దూరం, వాస్తు

ఇంకే చోటుకీ బోరుకీ మధ్య కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు ఉండాలని అదే ప్రమాణం చెప్తుంది. వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, ట్యాంకు వాయవ్యంలో. స్థలం వెడల్పేమో 12 మీటర్లు. పెదనాన్న వాస్తు వదలరు, లెక్క 18 వదలదు.

దారి ట్యాంకు పనితీరులోనే దొరికింది. నీళ్ళు కారని ట్యాంకు వాయవ్యంలోనే ఉండొచ్చు. దూరంగా ఉండాల్సింది నీళ్ళు ఇంకే కందకం. స్థలం పొడవు 30 మీటర్లు, నేల వాటం దక్షిణం వైపే. పడమటి గోడ వెంట గొట్టం వేసి కందకాన్ని దక్షిణపు కొసకి తీసుకెళ్తున్నారు. పక్కింటి వాళ్ళ బోరు దూరం కూడా కొలిచాం, అక్కడా 18 దాటింది.

ఎవరు తీస్తారు?

ఏ ట్యాంకైనా రెండు మూడేళ్ళకోసారి బురద తీయాలి. వదిలేస్తే బురద కందకంలోకి వెళ్ళి దాన్ని పూడ్చేస్తుంది. ట్యాంకులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముందు ముక్కు పనిచేయడం మానేస్తుంది, తర్వాత మనిషే పడిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకి పెంచింది. పెంచాల్సి వచ్చిందంటే ఇంకా చచ్చిపోతున్నారనే కదా. అందుకే మూత మీద గచ్చు వేసెయ్యకుండా, బండి పైపు అందేలా వీధి వైపు ఉంచాలి. కట్టేటప్పుడు మనం వేసే ఆ చిన్న మూత రేపు ఒక మనిషి లోపలికి దిగాలా వద్దా అన్నది నిర్ణయిస్తుంది.

చిన్న ఇళ్ళకి రెండు గుంతల మరుగుదొడ్డి ఇంకో మంచి దారి. ఒక గుంత నిండాక రెండోది వాడతారు, మొదటిది ఏడాది పైగా ఆగితే ఎరువైపోతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అలాంటి గుంతలోకి స్వయంగా దిగి ఎరువు తీసి చూపించారు. దీనికీ నేల, దూరం లెక్కలు తప్పవు.

మన భాషలో చెప్పాలంటే ఇదొక ఇఫ్-ఎల్స్. మొదటి కండిషన్ నేల, రెండోది బోరు దూరం, మూడోది చూసుకునే మనిషి. బడ్జెట్ ఆ తర్వాతే. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు టేపు తీసుకుని మీ బోరుకీ మీ గుంటకీ మధ్య ఎంతుందో ఒకసారి కొలవండి. ఐదు నిమిషాల పని.