బుల్లీ, ఆ "సరే" నీదేనా?

కోటబొమ్మాళి

బుల్లీ,

కొత్తమ్మతల్లి జాతర అయిపోయి వారమైంది. వీధిలో రంగుదీపాల తీగలు ఇంకా విప్పలేదు. మీ నాన్న ఘటాల వెనక గుడిదాకా నడిచి, మోకాలు వాచి మంచం పట్టాడు. కంగారుపడకు, వాపు తీస్తోంది.

నీ మెసేజీ చూసి నాలుగు రోజులైంది. ఫోన్లో అయితే తిట్టేస్తానని కాగితం పట్టుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదులే.

రెండు అడిగావు. దాచిన డబ్బు క్రోనాల్లోనే ఉంచాలా, యూరోలు చెయ్యాలా, ఇక్కడికి పంపాలా అని ఒకటి. రాత్రి భోజనం మానేసి ప్రొటీన్ పొడి తాగుతున్నాను, మంచిదేనా అని ఇంకొకటి. మూడోది అడగలేదు, చెప్పావంతే. ఇకమీదట నీతో ఉంటున్న అబ్బాయి వేరేవాళ్లతో తిరగొచ్చు, నువ్వూ తిరగొచ్చు, అయినా మీరిద్దరూ కలిసే ఉంటారు. ఓపెన్ రిలేషన్‌షిప్. అతను అడిగాడు, నువ్వు సరే అన్నావు. పైగా నన్నే నిలదీశావు: "డబ్బంతా ఒక్కచోట పెట్టొద్దంటావు, తిండి అన్నీ తినమంటావు. మనిషి దగ్గరకొచ్చేసరికి ఒక్కరే అని ఎందుకత్తా?"

తెలివైనదానివే. దానికి జవాబు వెతుక్కోడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. ముందు డబ్బు సంగతి.

మీ తాతయ్య రంగం వెళ్లి, జెట్టీలో బియ్యం బస్తాలు మోసి కూడబెట్టాడు. 1964 మే నెలలో బర్మా ప్రభుత్వం 50, 100 క్యాట్ల నోట్లు రద్దు చేసింది. ఆ ఏడాదే ఆయన ఓడ దిగి ఇంటికొచ్చాడు. నాకప్పుడు అయిదేళ్లు. ట్రంకుపెట్టెలో అమ్మ చీర కింద ఆ చెల్లని నోట్ల కట్ట చాలా ఏళ్లు ఉంది. మేం ఆడుకోబోతే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఆ కట్ట చూస్తూ పెరిగినదాన్ని, 2016 నవంబరు 10న మన 500, 1000 నోట్లు మార్చే బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను. ఖాతాలో జమచేసే గడువు కూడా డిసెంబరు 30తో అయిపోయింది. మరుసటేడు ఉగాది దాటాక ఒక ముసలామె వచ్చి, కొంగుముడి విప్పి పదకొండు పాత అయిదువందల నోట్లు బల్లమీద పెట్టింది. "ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?" అని గట్టిగా అరిచాను. ఆమె ఏమీ అనలేదు. నోట్లు మళ్లీ ముడేసుకుని మెట్లు దిగిపోయింది. నాన్న పెట్టె నాకు అప్పుడు గుర్తొచ్చింది. పరుగెత్తి వెళ్లి కనీసం మంచినీళ్లయినా ఇవ్వలేదు బుల్లీ. ఆ తప్పు నాదే.

అందుకే చెబుతున్నాను. ఎక్కడ బతుకుతున్నావో అక్కడి ఖర్చుకు అక్కడి డబ్బే ఉంచుకో. నువ్వున్న దేశం 2003 సెప్టెంబరు 14న ఓటేసి యూరో వద్దంది, సుమారు 56 శాతం మంది. వడ్డీ రేటు తమ చేతిలోనే ఉండాలని చాలామంది అనుకున్నారు. నాకైతే అది సబబే అనిపిస్తుంది. కాబట్టి ఆరునెలల ఖర్చు క్రోనాల్లో ఉంచు. యూరోల జోలికి ఇప్పుడెందుకు? మిగిలింది ఇక్కడ ఎన్ఆర్ఈ ఖాతాలో వెయ్యి. వడ్డీకి ఇక్కడ పన్నుండదు, కావాలంటే తిరిగి అక్కడికి తీసుకుపోవచ్చు. చదువుకునేటప్పటి నీ పాత సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉందా? దాన్ని ఎన్ఆర్ఓగా మార్పించు, ఎన్నిసార్లు చెప్పాలి! ఒక్కమాట. నీ డబ్బు నీ పేరుమీదే ఉండాలి.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతా, ఎందుకంటే ఇందులో నాకు కోపమెక్కువ. 2018లో అందరూ అన్నం మానేసి కొబ్బరినూనె తాగుతుంటే నేనూ తాగాను. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గి, ఒకరోజు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కళ్లు తిరిగి పడ్డాను. మానేశాక తొమ్మిదికి పన్నెండు పెరిగాను. మీ అమ్మ పుట్టిల్లు ఉద్దానంలోని కవిటి. మీ పెదమావయ్య వారానికి రెండుసార్లు పలాసకి డయాలసిస్‌కి వెళ్తున్నాడు. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కాబట్టి సరిపోయింది, అంతకుముందు పెద్ద వైద్యానికి విశాఖదాకా పరుగే. ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. చాలావరకు పాడయ్యేదాకా కిడ్నీ నోరెత్తదు. ఆ ఇంటి పిల్లవి, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా పొడి డబ్బా ముట్టుకుంటావా? ముందు రక్తమివ్వు. నువ్వేమీ లావుగా లేవు తల్లీ. చోడిపిండి పంపుతున్నాను, అంబలి కాచుకో.

ఇక మూడోది.

నీతులు చెబుతాననుకోకు. మా నాయనమ్మది మారుమనువు. మొదటి మనిషి కొట్టేవాడు. పెద్దలు కూర్చున్నారు, ఓలి డబ్బు తిరిగిచ్చేశారు, ఆవిడ మా తాతని కట్టుకుంది. మనవైపు చాలా కులాల్లో అది తప్పు కాదు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వ్యభిచారం నేరమనే 497 సెక్షన్ కొట్టేసి, భార్య భర్త ఆస్తి కాదన్నప్పుడు మన ఊళ్లో సంతోషించినవాళ్లలో నేనొకదాన్ని. ఎవరి మంచం వాళ్లిష్టం. ఇద్దరూ మనసారా కోరుకుంటే అడ్డం చెప్పడానికి నేనెవర్ని?

కానీ నీకు తెలియనిదొకటి ఉంది. మీ మావయ్యకి బదిలీ అయిన ఊళ్లో ఇంకో ఇల్లుండేది. నాకు తెలిసిందని ఆయనకి తెలిశాక, "నాకేం బాధ లేదు, మీరు సంతోషంగా ఉంటే చాలు" అన్నాను. పదకొండేళ్లు అదే మాట మీద ఉన్నాను. అది అబద్ధం. వద్దంటే వెళ్లిపోతాడని భయపడి సరే అన్నాను. ఆయన దాన్ని నా మంచితనమనుకున్నాడు. శనివారాలు స్టేషన్లో రైలు ఆగిన చప్పుడు వినిపిస్తే, ఈ వారం వస్తాడా రాడా అని ఇంట్లో కూర్చుని వినేదాన్ని. ఆయన పోయాక కూడా చాలా రోజులు విన్నాను.

నీ ప్రశ్నకి నా జవాబు ఇదే. నోటు చెల్లకపోతే నోటుకి బాధ ఉండదు. అన్నం ఒకపూట వండకపోతే బియ్యం ఏడవవు. మనిషి అలా కాదు. డబ్బుని నాలుగుచోట్ల పెడితే నీకు ధైర్యమొస్తుంది. అతను తన మనసుని నాలుగుచోట్ల పెడితే ఆ ధైర్యం అతనికొస్తుంది, రాత్రంతా మేలుకునేది నువ్వు.

అతను అడక్కపోయుంటే ఇది నువ్వే అడిగేదానివా? నీ మెసేజీ మూడుసార్లు చదివాను, నీకేం కావాలో అందులో ఒక్క ముక్క లేదు. అడిగేదాన్నే అంటే ఇక నేను మాట్లాడను. కాదంటే ఆ "సరే" వెనక్కి తీసుకో. ఒకసారి అన్నమాట మార్చకూడదని ఎక్కడా లేదు. వెళ్లిపోతాడంటావా? పోనీ. టికెట్ డబ్బు నీ ఖాతాలో ఉంది, నీ గది తాళం నా దగ్గరుంది.

ఆదివారం అతనితో మాట్లాడి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

నీ అత్త